ఓపిక కుక్కలకేనా?

"కొత్తవాళ్లకు స్వాగతం" అని బోర్డు రాసి గేటుకి కట్టినంత మాత్రాన ఎవరికీ స్వాగతం దొరకదు. స్వాగతం చెప్పడం కూడా ఒక పని, అంట్లు తోమడం లాంటి పని. ఎవరో ఒకరి వంతుగా పెట్టకపోతే అందరూ చూస్తారు, ఎవరూ చేయరు. ఈ మాట నేను ఇక్కడ ఇంగ్లండులో ఉండే గన్‌డాగ్ శిక్షణ క్లబ్బుల గురించి అంటున్నాను. కుక్కలంటే గిట్టనివాళ్లు కూడా కాస్త ఓపిగ్గా చదవండి. చివరికి ఇది మన సంగతే అవుతుంది.

ముందు గన్‌డాగ్ అంటే ఏమిటో చెప్తాను. ఇక్కడ అక్టోబరు 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా ఫెజెంట్ అనే పక్షుల వేట కాలం. తుపాకీ దెబ్బకి పడిన పక్షిని వెతికి, పంటిగాటు పడకుండా నోట కరుచుకొచ్చి చేతికిచ్చే కుక్కలు రిట్రీవర్లు. పొదల్లో దాగిన పక్షిని లేపేవి స్పానియెల్లు. ఇలా తుపాకీ వేటలో సాయపడే జాతులన్నిటినీ కలిపి గన్‌డాగ్స్ అంటారు. మన హైదరాబాదు ఫ్లాట్లలో సోఫా ఎక్కి పడుకునే లాబ్రడార్ కూడా ఆ వంశమే. 1903లో ఇక్కడి కెన్నెల్ క్లబ్ దాన్ని ఒక జాతిగా గుర్తించింది. రోజంతా పొలాల్లో తిరిగి పని చేయడానికి తరతరాలుగా పెంచుకున్న కుక్క అది. దానికి పని చూపించకుండా ఇంట్లో కూర్చోబెడితే ఇల్లు పీకి పందిరేస్తుంది.

మా చిట్టి వేసింది. పిల్లలు అడిగారు, మావారు సరే అన్నారు, పెంచేది నేను. ఇది ఏ ఇంట్లోనైనా ఉన్న కథే. పది నెలలకల్లా చెప్పులు, సోఫా దిళ్లు, నేను కుండీలో వేసుకున్న కరివేపాకు మొక్క అన్నీ అయిపోయాయి. పార్కులో రోజూ కనపడే ఒక పెద్దావిడ "దానికి పుట్టుకతో వచ్చిన పని నేర్పించమ్మా, కుదురుకుంటుంది" అంది. అందుకు తుపాకీ ఉండక్కర్లేదు, వేటకి పోనక్కర్లేదు. అరకిలో బరువుండే కాన్వాస్ డమ్మీని విసిరి, తెమ్మని నేర్పుతారు. సరేనని ఒక క్లబ్బులో డబ్బు కట్టాను.

మొదటి ఆదివారం పొలంలో ఇరవై మంది దాకా ఉన్నారు. నా పేరు ఎవరూ అడగలేదు. "ముందు మార్క్, తర్వాత బ్లైండ్, మిగతావాళ్లు లైన్లో ఉండండి" అన్నాడు ట్రైనర్. డమ్మీ పడటం కుక్క కళ్లారా చూస్తే మార్క్. చూడకుండా దాచిపెట్టి, ఈలతోనూ చేతి సైగలతోనూ కుక్కని అక్కడికి పంపిస్తే బ్లైండ్. ఈ రెండు వాక్యాలు నాకు తెలియడానికి మూడు వారాలు పట్టింది. ఒకాయన దగ్గరికొచ్చి "మీరు షూటింగ్‌కి వెళ్తారా?" అనడిగాడు. లేదన్నాను. అంతే, ఆ మాట అక్కడితో ఆగిపోయింది. కాసేపటికి నేను నిలబడ్డ చోటు సరికాదని అటు చివరి నుంచి ఇంకొకరు కేకేశారు. ఎక్కడ నిలబడాలో మాత్రం అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

నాకు కోపం తెప్పించింది ఇది కాదు. మొహం తెలియని మనుషులు ముభావంగా ఉండటం లోకంలో కొత్తేమీ కాదు. నా కోపమల్లా, అదే మనుషులు తమ కుక్కపిల్లల దగ్గర ఎలా ఉంటారో చూశాక వచ్చింది. ఎంత నేర్పు! ఎంత ఓర్పు! మొదట్లో డమ్మీని నాలుగడుగుల దూరంలోనే వేస్తారు. కుక్క తడబడితే దూరం తగ్గిస్తారు, గొంతు పెంచరు. చెవులు వెనక్కి వాలాయా, తోక దిగిందా అని కనిపెట్టుకుని ఉంటారు. చివర్లో దానికి తప్పకుండా వచ్చే పని ఒకటి చేయించి, మెచ్చుకుని, సంతోషంగా ఇంటికి తీసుకెళ్తారు. అన్నిటికంటే ముందు నేర్పే సూత్రం ఒకటుంది: నీ దగ్గరికి తిరిగొచ్చిన కుక్కని ఎప్పుడూ తిట్టకు. ఎంత ఆలస్యంగా వచ్చినా సరే. ఈసారి తిట్టావా, మరోసారి రాదు.

మరి రెండో వారం కూడా తిరిగొచ్చిన మనిషి మాటేమిటి? ఆ తాడుకి ఒక చివర కుక్క ఉంటే, రెండో చివర బెదురుతూ నిలబడ్డ మనిషి ఉంది కదా. ఆమె చెవులు వాలితే ఎవరికీ కనపడవా?

నేను బీఏ తెలుగు చదివినప్పుడు యణాదేశ సంధికి ఉదాహరణల్లో "స్వాగతం" ఒకటి. సు, ఆగతం కలిస్తే స్వాగతం, అంటే మంచి రాక. వచ్చినవాళ్లకి ఆ రాక మంచిగా అనిపించాలి. పిలిచినవాళ్ల మనసు మంచిదైతే చాలదు. క్లబ్బు వాళ్లని అడిగితే "మేం అందరితో స్నేహంగానే ఉంటాం" అంటారు. నిజమే, ఉంటారు, వాళ్లలో వాళ్లు. లోపల కూర్చున్నవాళ్లకి ఇల్లెప్పుడూ వెచ్చగానే ఉంటుంది. చలి ఎంతుందో గుమ్మంలో నిలబడ్డవాళ్లని అడగాలి.

ఈ గుమ్మం సంగతి ఆడవాళ్లం మనకి ఒకరు చెప్పాలా? కొత్త కోడలిగా అడుగుపెట్టిన ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పరు. చెప్పకుండానే "ఇంత కూడా తెలీదా" అంటారు. నా అదృష్టం కొద్దీ మా పెద్ద తోడికోడలు మొదటిరోజే నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి, డబ్బాల మూతలన్నీ ఒక్కొక్కటే తీసి చూపించింది. "మావయ్యగారికి కారం తక్కువ, కాఫీ ఆరింటికల్లా ఇవ్వాలి, మిగతావి మెల్లగా తెలుస్తాయిలే" అంది. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలకి నేనింకా అక్కకి రుణపడే ఉన్నాను.

క్లబ్బుల వాళ్లు చెప్పే సాకులు నాకు తెలుసు. "మేం జీతం లేకుండా చేస్తున్నాం, తీరికెక్కడ?" అంటారు. తీరిక లేదన్న మాట నిజమే. కానీ ఆ పది నిమిషాలు మిగుల్చుకున్నందుకు, ఏమీ తెలియని మనిషి లైన్లో అటూ ఇటూ కదులుతూ అందరి గంటనీ పాడుచేస్తుంది. "ఆసక్తి ఉంటే వాళ్లే అడుగుతారు" అంటారు. ఏం తెలియదో తెలియనప్పుడు ఏమని అడుగుతాం? "అందర్నీ బుజ్జగిస్తే స్థాయి పడిపోతుంది" అనేది మూడో సాకు. కుక్క విషయంలో ఈ మాట వాళ్లే ఒప్పుకోరు. భయపెట్టి నేర్పిన కుక్క కంటే నమ్మి నేర్చుకున్న కుక్కే గట్టిగా నిలబడుతుందని వాళ్లే చెప్తారు. నియమాలు సడలించమని ఎవరడిగారు? ముందుగా చెప్పమంటున్నాను, అంతే.

చేయాల్సింది ఎంతో లేదు. మొదటిసారి వచ్చేవాళ్లకి రెండు రోజుల ముందే ఒక మెసేజ్ పెట్టండి. కారు ఎక్కడ పెట్టాలి, ఏ గేటు, మెడకి ఎలాంటి తాడు, ఏ ఈల. లాబ్రడార్ వాళ్లు ఎక్కువగా 211.5 నంబరు ఈల, స్పానియెల్ వాళ్లు 210.5 వాడతారని, నంబరు మారితే స్వరం మారుతుందని షాపులో ఎవరూ చెప్పరు. ఒక పొడుగు ఊత అంటే ఆగి కూర్చో, వరసగా చిన్న ఊతలంటే వెనక్కి రా అని రాయండి. ఎదకొచ్చిన ఆడకుక్కని తీసుకురాకూడదని రాయండి. ఆ రోజు డమ్మీలకి బదులు నిజంగా చచ్చిన పక్షులతో నేర్పిస్తుంటే ఆ సంగతీ ముందే రాయండి. పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టని నాలాంటిదాని చేతికి చల్లబడ్డ పక్షిని హఠాత్తుగా అందించడం మర్యాద కాదు. వస్తానో మాననో నన్ను నిర్ణయించుకోనివ్వండి.

మొదటి మూడు వారాలు కొత్తవాళ్ల పక్కన నిలబడటానికి ఒక పాత సభ్యురాలిని పెట్టండి. ట్రైనర్ వద్దు, ఆయనకి వేరే పనుంది. తప్పు చెప్పాల్సి వస్తే పొలం అటు చివర నుంచి కాకుండా దగ్గరికొచ్చి చెప్పండి. కొత్తావిడ ఒక వారం రాకపోతే "బాగున్నారా?" అని అడగండి.

మొదటి ప్రశ్నగా "మీరు షూటింగ్‌కి వెళ్తారా?" అని మాత్రం అడక్కండి. అది మన తెలుగువాళ్ల ఉగాది సంబరాల్లో కొత్తగా వచ్చినావిడని "మీ ఇంటిపేరేంటి?" అని అడిగే ప్రశ్నకి అచ్చం కవల. పైకి పలకరింపు, లోపల జల్లెడ. జవాబు విన్నాక కొందరి మొహం విచ్చుకుంటుంది, కొందరు పులిహోర ప్లేటు పట్టుకుని పక్కకి జరుగుతారు. అడిగినవాళ్లు మర్చిపోతారు. అడిగించుకున్నవాళ్లు మర్చిపోరు.

పోయేదేముంది అంటారా? నా తర్వాత ఒక చిన్న వయసు అమ్మాయి స్పానియెల్‌ని తీసుకుని రెండు వారాలు వచ్చింది. మూడో వారం రాలేదు. ఎవరూ ఆరా తీయలేదు. కొన్నాళ్లకి ఆ కుక్కని సంభాళించలేక వేరేవాళ్లకి ఇచ్చేసిందని విన్నాను. క్లబ్బు వల్లే అలా జరిగిందని నేననను. కానీ ఆ కుక్కకి కావలసిన విద్య ఆ పొలంలో ఉంది, నేర్పగల మనుషులు ఇరవై మంది ఉన్నారు, ఒక్కరూ ఆమె పేరడగలేదు. నేను మిగిలానంటే మూడో వారం ఒకావిడ "నా పక్కన నిలబడు, ఏమవుతోందో చెప్తుంటాను" అనబట్టే. ఆ ఒక్క మాటతో రెండేళ్లయింది. చిట్టి ఇప్పుడు ఇంకో కుక్క పని చేస్తుంటే కదలకుండా కూర్చుని చూస్తుంది. ఇంట్లో దిళ్లు దిళ్లలాగే ఉన్నాయి.

పోయిన నెల కమిటీకి ఉత్తరం రాశాను. పైన చెప్పినవన్నీ రాసి, కొత్తవాళ్ల బాధ్యత మొదటి ఏడాది నాకే ఇవ్వండి అన్నాను. "చూద్దాం" అని జవాబొచ్చింది. చూద్దాం అంటే ఏమిటో మన ఇళ్లల్లో పెరిగిన ఆడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వాళ్లు చూస్తూ ఉండనీ. కొత్త బ్యాచ్ వచ్చే ఆదివారం మొదలవుతోంది, చిట్టిని తీసుకుని ఓ పావుగంట ముందే గేటు దగ్గరుంటాను. పేరు అడగడానికి కమిటీ తీర్మానం అక్కర్లేదు కదా.