టికెట్ మీద లేని గంటలు

మాడ్రిడ్ నుంచి బార్సిలోనాకు గాలిదారిన దాదాపు 500 కిలోమీటర్లు, విమానం టికెట్ మీద చూపే సమయం గంటంబావు. పట్టాల మీద 621 కిలోమీటర్లు, వేగంగా వెళ్లే రైలుకు రెండున్నర గంటలు. ఈ రెండు అంకెలే పక్కపక్కన పెట్టి విమానమే మేలనడం తప్పుడు లెక్క. మాడ్రిడ్‌లోని బరాహాస్ విమానాశ్రయం ఊరికి దూరం. అక్కడికి చేరాలి, బెల్టు విప్పి ట్రేలో పెట్టి తనిఖీ వరుసలో నిలబడాలి, గేటు మూసేలోగా పరుగెత్తాలి, దిగాక బార్సిలోనా విమానాశ్రయం ఎల్ ప్రాట్ నుంచి మళ్లీ ఊళ్లోకి రావాలి. మాడ్రిడ్‌లోని అటోచా, బార్సిలోనాలోని సాంట్స్ రైల్వే స్టేషన్లయితే నగరాల లోపలే ఉన్నాయి. 2008 ఫిబ్రవరిలో హైస్పీడ్ లైను పూర్తయ్యాక, అప్పటిదాకా ప్రపంచంలోనే బాగా రద్దీగా ఉండిన విమాన మార్గాల్లో ఒకటైన ఈ దారిలో జనం పెద్దఎత్తున రైలుకు మళ్లింది ఊరికే కాదు. రైలు ఛార్జీ ఎక్కువన్న ఫిర్యాదు చాలాకాలం న్యాయమైనదే, అయితే 2021 నుంచి పోటీ కంపెనీలు రావడంతో ధరలు దిగాయి. బార్సిలోనా నుంచి వచ్చి మాడ్రిడ్‌లో లాటిన్ అమెరికా విమానం అందుకోవాల్సినవారి ఇబ్బంది మాత్రం నిజమైనది. దానికి మందు హైస్పీడ్ రైలును బరాహాస్ దాకా తీసుకెళ్లడమే గానీ, మిగతా అందరినీ ఆకాశంలోకి పంపడం కాదు.