బొమ్మ తల చూసి గొంతు మరిచే పండితులు

పాత వస్తువులను సేకరించేవారి ఓపిక మీద నాకు గౌరవమే గాని, వారిలో చాలామంది తర్కం మీద లేదు. 1890లో ఎడిసన్ కర్మాగారం నుండి వెలువడిన మాట్లాడే బొమ్మ విషయంలో ఆ తర్కం పూర్తిగా తలకిందులైందని నా అభియోగం.

బొమ్మ అసలుదా, నకిలీదా అని తేల్చవలసి వచ్చినప్పుడు వీరు మొదట చూసేది తలను. మెడ వెనుక సైమన్ అండ్ హాల్బిగ్ అనే జర్మనీ సంస్థ ముద్ర ఉన్నదా, పింగాణీ బీటలు వారినదా, జుట్టు ఆనాటిదేనా, గౌను మార్చారా అని గుచ్చి గుచ్చి అడుగుతారు. కడుపులోని యంత్రం ఊసు చివరకెప్పుడో వస్తుంది. మైనపు చుట్టు పోయి, దాని చోట నిన్నగాక మొన్న చేసిన మరొకటి కూర్చున్నా, “స్వల్ప మరమ్మతు” అని ఒక్క ముక్కతో సరిపెడతారు. కళేబరానికి అలంకారం చేసి, ప్రాణం పోవడాన్ని స్వల్ప మరమ్మతు అనడం వంటిది ఇది.

కొంచెం చరిత్ర చెప్పుకుందాం. బొమ్మ చేత పలికించాలన్న కోరిక ఎడిసన్‌తో పుట్టలేదు. మెట్రొనోమ్‌తో పేరు పొందిన మేల్జెల్ “మామా”, “పాపా” అని పలికే బొమ్మకు 1824లోనే పారిస్‌లో పేటెంటు పొందాడు. అయితే అందులో వినిపించినది తిత్తిలోని గాలి చేసిన చప్పుడు. మనిషి గొంతు కాదు. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును కనుగొన్న తరువాతనే, ఒక మనిషి పలికిన మాటను బొమ్మ కడుపులో దాచడం సాధ్యమైంది. అంటే ఈ బొమ్మకు చరిత్రలో చోటు దక్కినది మొహం వల్ల కాదు, గొంతు వల్ల.

ఆ బొమ్మ నిర్మాణం చూడండి. ఎత్తు సుమారు 22 అంగుళాలు. పింగాణీ తల, కొయ్య కాళ్ళు చేతులు, రేకు మొండెం. మొండెంలో చిన్న ఫోనోగ్రాఫు, దానికొక మైనపు చుట్టు. రొమ్ము మీది చిల్లుల గుండా మాట బయటికి వస్తుంది. వీపు వెనుక పిడిని పిల్లలు చేత్తో తిప్పాలి. గౌను లేని బొమ్మ వెల 10 డాలర్లు. సూది రాసుకుని మైనం త్వరగా అరిగిపోయేది, యంత్రం సున్నితం, గొంతు కీచుమనేది. కొన్నవారు తిప్పి పంపారు. కొద్ది వారాలలోనే అమ్మకం ఆగిపోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తలలు అచ్చులో పోసినవి. ఒకే అచ్చులో నుండి ఎన్నో తలలు వచ్చాయి. వాటిలో కొన్ని మాట్లాడని బొమ్మల మెడల మీద కూడా కూర్చున్నాయి. గొంతుల సంగతి అట్లా కాదు. ఒక రికార్డు నుండి వేల ప్రతులు తీసే పద్ధతి ఆనాడు ఆ కర్మాగారానికి లేదు. అందుచేత ప్రతి మైనపు చుట్టు ముందూ ఒక యువతి కూర్చుని, ఆ పిల్లల పాటను విడిగా పలకవలసి వచ్చింది. మేరీ, ఆమె గొర్రెపిల్ల పాటను రోజంతా వల్లించడమే వారి కొలువు. 1890 ఏప్రిల్‌లో సైంటిఫిక్ అమెరికన్ పత్రిక ఆ గదిని, ఆ రొదను వర్ణించింది. కాబట్టి ఏ రెండు బొమ్మల గొంతూ ఒకటి కాదు. ప్రతిదీ ఒక స్త్రీ, ఒక రోజు, ఒక్కసారి పలికిన పలుకు. అచ్చులో పోసినదానికి అగ్రపీఠం, మళ్ళీ దొరకనిదానికి “స్వల్ప మరమ్మతు” హోదా! ఇదెక్కడి న్యాయం?

ఆ స్త్రీల పేర్లు బొమ్మ మీద ఎక్కడా లేవు. పన్నెండేళ్ళ తరువాత, 1902లో, కలకత్తాలో గౌహర్ జాన్ పాట ముగియగానే తన పేరు తానే చెప్పుకుని రికార్డులో శాశ్వతం చేసుకున్నది. ఈ యువతులకు ఆ అవకాశం లేదు. వారికి మిగిలిన సంతకం ఆ అరిగిన గీతలే. ఆ చుట్టును పారవేసి కొత్తది పెట్టినవాడు ఆ సంతకాన్ని చెరిపివేసినట్టే.

“వినిపించని బొమ్మ ఎవరికి కావాలి? కొత్త చుట్టు పెడితే చూసేవారైనా సంతోషిస్తారు గదా” అని ఒక సమాధానం వినిపిస్తుంది. సంతోషించండి, కాదనను. కొత్త బొమ్మ చేసి, కొత్తదని చీటీ అంటించి, దాన్ని మాట్లాడించండి. పాతదాని కడుపు కోయవద్దు. పైగా, నేడు మౌనంగా ఉన్నది రేపు కూడా మౌనంగానే ఉంటుందని మీకెవరు చెప్పారు? 1967లో ఎడిసన్ ప్రయోగశాలలో వంగిపోయిన ఒక లోహపు చుట్టు దొరికింది. ఏ యంత్రం మీదా ఎక్కదు. నలభై ఏళ్ళకు పైగా ఎవరూ దాన్ని “బాగుచేయ”కపోవడం మన అదృష్టం. 2011లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు సూది తాకించకుండా, వెలుగుతో గీతల లోతులు కొలిచి, సంగణకం ద్వారా ధ్వనిగా మార్చారు. ట్వింకిల్ ట్వింకిల్ పాట పలుకుతున్న ఒక స్త్రీ కంఠం వినిపించింది. అది 1888 నాటిదని తేలింది. నేటికి దొరికినంతలో, మాట్లాడే బొమ్మ కోసం చేసిన రికార్డులలో అదే అతి ప్రాచీనం. ఆ తరువాత 2015 నాటికి సేకర్తల వద్దనున్న మైనపు చుట్టులు కూడా ఇదే తరహాలో నోరు విప్పాయి.

ఆ గొంతులు విని “దెయ్యం బొమ్మ” అని ఇకిలించేవారికి కూడా ఒక మాట. పిడి తిప్పే వేగాన్ని బట్టి శ్రుతి మారుతుంది. 1860లో స్కాట్ కాగితం మీద గీయించిన ధ్వనిని 2008లో వినిపించినప్పుడు అది ఆడపిల్ల గొంతని అందరూ అనుకున్నారు. వేగం సరిచేసేసరికి మరుసటి ఏడాది అది మగగొంతని తేలింది. నూట ముప్పై ఏళ్ళ అరుగుదలను, తప్పుడు వేగాన్ని ఆ యువతి నెత్తిన వేసి దెయ్యమనడం న్యాయం కాదు.

ఎడిసన్ స్వయంగా పలికిన గొర్రెపిల్ల పాటను 1877 నాటిదని ప్రచారం చేసేవారిదీ ఇదే అలసత్వం. ఆ తొలి రేకు మిగలలేదు. మనం వినేది 1927లో ఆయన వేడుక కోసం మళ్ళీ చెప్పినది. పెద్దమనిషి గొంతుకు లేని ప్రాచీనతను అంటగడతాము. కూలికి పలికిన స్త్రీల గొంతుకు ఉన్న ప్రాచీనతను ఊడదీసి పారేస్తాము.

కనుక నా మటుకు నాకు కొలత ఒక్కటే. తల పగిలి, గౌను చిరిగి, పాత చుట్టు మిగిలి ఉంటే అది అసలు మాట్లాడే బొమ్మ. తల మెరుస్తూ, కడుపులో కొత్త చుట్టు ఉంటే అది మంచి పింగాణీ బొమ్మ, అంతే. వెల ఎంతైనా కట్టుకోండి, పేరు మాత్రం సరిగా పెట్టండి.