కెప్పెల్ పటము

ఇంగ్లండు దేశమున గ్రీనిచ్ నందలి జాతీయ నౌకాప్రదర్శనశాలలో నిలువెత్తు తైలవర్ణపటమొకటి గలదు. జాషువా రెనాల్డ్సు 1752-53 ప్రాంతమున దానిని వ్రాసెను. వెనుక సముద్రము పొంగుచున్నది. ముందు తీరమున చేయి చాచి వడిగా నడచివచ్చుచున్నవాడు నౌకాధికారి అగస్టస్ కెప్పెల్. 1747లో ఫ్రెంచి ఓడను తరుముచు నితడు తన నౌక మెయిడ్‌స్టోనును మెరకనెక్కించి పోగొట్టుకొనెను. విచారణ జరిగి నిర్దోషిగా తేలెను. పటమున స్ఫురించునది ఆ యుపద్రవమే యని విజ్ఞుల మతము. ఓడ పోయినవాడు అపోలో విగ్రహమువలె నిలిచినాడు! చిత్రకారునకు కృతజ్ఞత లేకపోలేదు. 1749లో రెనాల్డ్సును తన యోడలో మధ్యధరాసముద్రమునకు కొనిపోయినవాడు కెప్పెలే. ఆ ప్రయాణము వలననే యతడు ఇటలీ చిత్రములను చూడగలిగెను. పటమును చిరకాలము తన చిత్రశాలయందే యుంచుకొని వచ్చినవారికి చూపుచుండెను.

పటము మేలైనది. దానిపై మాకు వివాదము లేదు. కాని అందులేని కెప్పెలే మాకు ముఖ్యుడు. 1775లో అమెరికా వలసలవారు తిరుగబడగా, వారిపై యుద్ధమునకు పోనని యీతడు చెప్పెను; ఫ్రాన్సుతో పోరు వచ్చినపుడే 1778లో నౌకాబలమునకు నాయకత్వము వహించెను. ఆ సంవత్సరమే ఉషాంతు వద్ద జరిగిన పోరు తేలకపోవుటచే, తన క్రింది యధికారి పాలిసర్ నేరము మోపగా, 1779లో పోర్ట్స్‌మతున సైనికన్యాయస్థానము ముందు నిలువవలసివచ్చెను. న్యాయాధిపతులు ఆరోపణము దురుద్దేశపూరితమని త్రోసివేసిరి. లండను వీధులలో దీపములు వెలిగినవి. పాలిసర్ యింటి కిటికీలు పగిలినవి. తన పక్షమున పనిచేసిన డన్నింగు, లీ, ఎర్‌స్కిను అను న్యాయవాదులకు కెప్పెల్, రెనాల్డ్సు వ్రాసిన తన పటములను కానుకగా నిచ్చెను. ఫీజునకు బదులు పటమిచ్చు కక్షిదారుడు మా కింతవరకు తటస్థింపలేదు.

ప్రభుత్వమునకు కొలువుచేయుచు అధర్మయుద్ధమునకు రానని చెప్పుట కత్తిపట్టుటకన్న కష్టమని మేము నమ్ముదుము. అయినను ఒక మాట దాచరాదు. 1758లో ఆఫ్రికా తీరమున గోరీ దీవిని ఫ్రెంచివారినుండి గెలిచినవాడు నీతడే. అది బానిసల నెగుమతి చేయు స్థలము. అమెరికనుల యెడ మేల్కొన్న మనస్సాక్షి ఆ దీవి చెరసాలలలోని వారి కొరకు మేల్కొన్నట్లు కానరాదు. వారు తన జాతివారు కారు గదా! పటము ప్రక్క రెండు సంవత్సరములను, 1758నూ 1775నూ, కలిపి వ్రాయవలెనని మా యభిప్రాయము. చూడవచ్చువారు ముందుగా ఆ యంకెలను చదివి, పిదప చాచిన యా చేతిని చూతురు గాక.