బాయి దిగని బొమ్మలు

కుర్రకారు పాఠకులకి ముందే మనవి. ఈ వారం తారల కబుర్లు లేవు, పెళ్ళి పుకార్లు అసలే లేవు. అన్నీ బొగ్గు కబుర్లే! "నువ్వు బెల్లంపల్లివాడివి గదా, మీ సింగరేణి సీమ కథలతో వచ్చిన సినిమాల్లో ఏవి చూడొచ్చు, ఏవి వదిలెయ్యొచ్చు?" అని ఎక్కడికి వెళ్ళినా అడుగుతున్నారు. ఒకప్పుడు మా వూరి పేరు చెబితే "కాగజ్‌నగర్ వెళ్ళే రైలు ఆగుతుంది, అదేనా?" అనేవాళ్ళు. ఇప్పుడు "దసరాలో చూపించింది మీ వైపేనా?" అంటున్నారు. సినిమా చేసిన పుణ్యం!

అందుకని నాలుగు బొమ్మలు వరసపెట్టి చెబుతాను. కథంతా చెప్పేసి మీ టిక్కెట్టు డబ్బులు పాడు చెయ్యను. చూడాలో వద్దో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. చివర్లో నాదొక పేచీ వుంది. దానికి కాస్త ఓపిక పట్టాలి.

* దసరా

2023 మార్చి 30న విడుదలయింది. దర్శకుడు శ్రీకాంత్ ఓదెలకి ఇదే తొలి చిత్రం. ధరణిగా నాని, వెన్నెలగా కీర్తి సురేష్, సూరిగా దీక్షిత్ శెట్టి. గోదావరిఖని పక్కన వీర్లపల్లి అనే వూరు, గూడ్సు బండి మీంచి బొగ్గు దొంగిలించే కుర్రాళ్ళు, సిల్క్ స్మిత బొమ్మ గీసిన 'సిల్క్ బార్', ఆ బార్లో ఎవరు కూర్చోవచ్చు, ఎవరు కూర్చోకూడదు అనే కులం లెక్క. ఇవీ సరంజామా.

ఇందులో నాని నానిలా వుండడు. అదే గొప్ప. పక్కింటి కుర్రాడిలా నవ్వే ఆ మనిషి మాసిన లుంగీతో, చింపిరి జుట్టుతో, నోరు విప్పడానికే భయపడే ధరణిగా మారిపోయాడు. కీర్తి సురేష్ సంగతి సరే సరి, పెళ్ళి బరాతులో ఆవిడ ఆడిన ఆట చూసి మా బజారు ఆడపిల్లలు కూడా "మన పిల్లే" అనుకున్నారు. ఆ యేటి చిత్రాలకి ఇచ్చిన దక్షిణాది ఫిలింఫేర్‌లో తెలుగు ఉత్తమ నటుడు, ఉత్తమ నటి బహుమతులు ఇద్దరికీ వచ్చాయంటే వూరికే రాలేదు. సంతోష్ నారాయణన్ సంగీతంలో డప్పు వుంది, సత్యన్ సూర్యన్ ఛాయాగ్రహణంలో మసి వుంది.

మరి లోపం? రెండో సగంలో కథ తెలిసిన దారినే నడుస్తుంది. ఇంకోటి, అది మావాళ్ళకే పట్టుబడుతుంది. బొగ్గు సీమ అనగానే పొద్దస్తమానం మొహానికి మసి పులుముకుని తిరగాలా? మా బాపు ముప్పై రెండేళ్ళు బాయి దిగిండు. డ్యూటీ దిగి ఇంటికి రాగానే మొదటి పని స్నానం, రెండో పని ఇస్త్రీ చొక్కా. సాయంత్రం బెల్లంపల్లి బజారులో అందరికంటే తెల్ల చొక్కా తొడుక్కుని నడిచేవాడే బాయి మనిషి. ఎనిమిది గంటలు నల్లగా వున్నవాడికి తెలుపంటే ఎంత మోజో తెరకింకా తెలియలేదు.

నా మాట: పెద్ద తెర మీద చూసినవాళ్ళు అదృష్టవంతులు. చూడనివాళ్ళు ఇప్పుడయినా చూడండి. పెట్టిన టైముకి నష్టం లేదు.

* పరేషాన్

అదే యేడు జూన్ 2న వచ్చింది. రానా సమర్పణ, రూపక్ రొనాల్డ్‌సన్ దర్శకత్వం, తిరువీర్ హీరో. కథంతా మంచిర్యాలలో, మాకు పొరుగు వూళ్ళో. దసరాకి వున్న హంగూ, ఆర్భాటం దీనికి లేవు, వసూళ్ళూ ఆ స్థాయివి కావు. కానీ బొగ్గు సీమ ఇల్లు లోపల ఎలా వుంటుందో చూపించింది మాత్రం ఇదే.

సమర్పణ్ అనే సింగరేణి కార్మికుడు. కొడుకు ఐజాక్ చదువు సగంలో తెగింది. తన నౌకరీ కొడుక్కి పెట్టిద్దామని తండ్రి లంచం డబ్బులు కూడబెడతాడు. ఆ డబ్బు కొడుకు దోస్తుల పాలవుతుంది. ఇక అక్కడ్నించి పరేషానే పరేషాను.

పైపైన చూస్తే తాగుళ్ళ తమాషా సినిమా. కానీ "నౌకరీ పెట్టించడం" అనే మాట వెనక ఏముందో తెలిస్తే ఆ నవ్వు గొంతులో ఆగుతుంది. కార్మికుడు ఆరోగ్యం చెడి బాయి పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే, ఆ కొలువు కొడుక్కి రావడం ఇక్కడ పాత పద్ధతి. అది ఆగింది. 2016లో మళ్ళీ వారసత్వ ఉద్యోగాలన్నారు, 2017లో హైకోర్టు కొట్టేసింది, తరువాత కారుణ్య నియామకాల పేరుతో దారి తెరుచుకుంది. ఆలోచించండి: తండ్రి రోగిష్టి అని కాగితం మీద రుజువయితేనే కొడుక్కి అన్నం. ఒకే ఇంట్లో ఇద్దరు కొడుకులుంటే? అల్లుడూ అడిగితే? మా బస్తీల్లో అన్నదమ్ములు మాట్లాడుకోకపోవడానికి సగం కారణం ఈ కాగితమే. ఇంత కథని పరేషాన్ నవ్వులాటలో పెట్టి చెప్పింది. లోతుగా తవ్వలేదు, కానీ తట్ట ఎత్తింది. అంతే చాలు.

తండ్రిగా మురళీధర్ గౌడ్ నటించలేదు, బతికాడు. 'బలగం'లో అలిగిన అల్లుడు నారాయణగా చూసి మెచ్చుకున్నారే, ఆయనే. ఒక క్రైస్తవ కార్మిక కుటుంబం, వాళ్ళింటి క్రిస్మస్ ముచ్చట్లు తెలుగు తెర మీద ఇంత మామూలుగా, ఏ ఉపదేశమూ లేకుండా రావడం కూడా అరుదే. కథ పలచన, తాగుడు చిక్కన. రెండూ నిజమే.

నా మాట: దోస్తులతో కూర్చుని చూడండి. తరువాత ఒకసారి మీ నాయనతో కూర్చుని చూడండి. రెండు వేర్వేరు సినిమాలు కనిపిస్తాయి.

* సలార్

2023 డిసెంబర్ 22. ప్రశాంత్ నీల్, ప్రభాస్, మిగతాది మీకే బాగా తెలుసు. ఈ పట్టికలో ఎందుకంటారా? 2021 ఆరంభంలో ఈ చిత్రం షూటింగు గోదావరిఖని వైపు సింగరేణి ఓపెన్‌కాస్టులో జరిగింది. ప్రభాస్ వచ్చాడంటే రామగుండం మొత్తం అటే నడిచింది. కానీ కథలో ఆయన తల్లితో వుండే బొగ్గు గనుల వూరు అస్సాంలోది! పెళ్ళికి మన పందిరి అద్దెకి తీసుకున్నారు, శుభలేఖలో మన పేరు వెయ్యలేదు. ఓపెన్‌కాస్టు అంత పెద్ద గొయ్యి, అంత పెద్ద యంత్రాలు కెమెరాకి పండగ, కాదనను.

నా మాట: ప్రభాస్ అభిమానులకి చెప్పేదేముంది, ఇప్పటికే పదిసార్లు చూసుంటారు. మిగతావాళ్ళు గనుల కోసం వెతక్కండి, దొరకవు.

* రాజు వెడ్స్ రాంబాయి

2025 నవంబర్ 21న వచ్చింది. సాయిలు కంపాటి దర్శకుడు, నిర్మాతల్లో 'విరాటపర్వం' తీసిన వేణు ఊడుగుల ఒకరు. అఖిల్ రాజ్, తేజస్విని రావు కొత్త జంట. జరిగిన ఉదంతం ఆధారంగా తీశామని చెప్పారు. చోటు ఇల్లందు వైపు. ఇల్లందు అంటే సింగరేణికి పుట్టిల్లు: 1871లో బొగ్గు జాడ కనిపెట్టిందీ, 1889లో తవ్వకం మొదలయిందీ అక్కడే.

పెళ్ళిళ్ళకి బ్యాండు వాయించే రాజు, చదువుకునే రాంబాయి, ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే ఆమె తండ్రి వెంకన్న. "కూతురికి సర్కారు నౌకరీవాడే మొగుడు కావాలి" అనేది ఆ తండ్రి పట్టు. వెంకన్నగా చైతన్య జొన్నలగడ్డ కళ్ళతోనే భయపెట్టాడు. సురేష్ బొబ్బిలి బాణీలు బయటికొచ్చాక కూడా వెంట వస్తాయి. మొదటి సగం మామూలు పల్లెటూరి ప్రేమే, వంద చూశాం. చివరి భాగం మాత్రం గుండె గట్టిగా వుంటేనే చూడాలి. ఏం జరిగిందో చెప్పను. హాల్లో అప్పటిదాకా ఈలలేసిన కుర్రాళ్ళు చప్పున ఆగిపోయారని మాత్రం చెబుతాను.

నా మాట: చూడవలసిన చిత్రం. ముఖ్యంగా ఆడపిల్లల తండ్రులు.

* ఇక నా పేచీ

నాలుగూ చెప్పాను గదా, ఇప్పుడు లెక్క చూడండి. దసరాలో బొగ్గు రైలు మీద వుంది. పరేషాన్‌లో బొగ్గు తండ్రి జీతంలో వుంది. సలార్‌లో బొగ్గు వెనక పరదాలా వుంది. రాజు, రాంబాయిల కథకి బొగ్గుతో పనే లేదు. నాలుగింటిలో ఒక్కటీ మనల్ని భూమి కింది బాయిలోకి దింపి, అక్కడి పనే కథగా చెప్పలేదు!

హిందీవాళ్ళు ఎప్పుడో దిగారు. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలో నీళ్ళు విరుచుకుపడి 370 మందికి పైగా చనిపోయారు. నాలుగేళ్ళు తిరక్కుండానే, 1979లో, యష్ చోప్రా 'కాలా పత్థర్' తీశాడు. సలీం జావేద్ రచన, అమితాబ్, శశి కపూర్, శత్రుఘ్న సిన్హా. 1989లో రాణిగంజ్‌లో నీళ్ళలో చిక్కుకున్న 65 మందిని జస్వంత్ సింగ్ గిల్ అనే ఇంజనీరు ఉక్కు గొట్టంలో ఒక్కొక్కరిని పైకి లాగి కాపాడితే, దాని మీద అక్షయ్ కుమార్‌తో 2023లో 'మిషన్ రాణిగంజ్' వచ్చింది. హంగులెక్కువ, నిజమే. కానీ దిగారు.

మనకి కథ లేదా? 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు వచ్చి 17 మంది కార్మికులు మరి పైకి రాలేదు. ఇరవై యేళ్ళు దాటింది. నేను చూసినంతలో దాన్ని కథగా పట్టుకుని తెలుగులో పెద్ద సినిమా రాలేదు.

చావు కథే కావాలని కాదు. మామూలు షిఫ్టు చాలు. ల్యాంపు రూములో టోపీ దీపం తీసుకుని, బ్యాటరీ నడుముకి కట్టి, మస్టర్ పడి దిగుతారు. దిగాక సర్దారు చేసే మొదటి పని పైకప్పుని కర్రతో తట్టడం. గట్టిగా ఖంగుమంటే మంచిది, బోలుగా డబ్బు డబ్బుమంటే కప్పు విడివడుతోందని లెక్క, అందరూ వెనక్కి. ఒక్క చప్పుడు తేడా మీద అంతమంది ప్రాణాలు! ఇక గాలిలో మండే వాయువు వుందో లేదో చూసే దీపం. మంట చిన్నది చేసి పట్టుకుంటే, మీథేన్ వున్నచోట ఆ మంట చుట్టూ లేత నీలం టోపీలా కడుతుంది. చెప్పండి, ఇంతకంటే గొప్ప ధ్వని, ఇంతకంటే గొప్ప లైటింగు ఏ దర్శకుడు సెట్టు వేసి తేగలడు? ఆ చీకట్లో హీరోకి ఎంట్రీ పాట అక్కరలేదు. దీపం వెలిగితే చాలు.

తొందర ఎందుకంటే, ఆ చీకటి తరిగిపోతోంది. సింగరేణి బొగ్గులో ఇప్పుడు అధిక భాగం ఓపెన్‌కాస్టుదే. ఒకప్పుడు లక్షకి పైగా వున్న కార్మికులు సగానికి సగం కూడా మిగల్లేదు. మా బెల్లంపల్లిలో వరసగా బాయిలు మూతపడ్డాయి. సైరను మోత మీద అన్నం వండిన వూరు ఇప్పుడు సెల్‌ఫోను అలారం మీద లేస్తోంది. కప్పు చప్పుడు చెవితో గుర్తుపట్టగల మనుషులు అరవైలు, డెబ్బయిలు దాటి అరుగుల మీద కూర్చుని దగ్గుతున్నారు. వాళ్ళు వెళ్ళిపోయాక ఎంత ఖర్చు పెట్టి సెట్టు వేసినా ఆ చప్పుడు దొరకదు.

అందుకే మా సీమ కుర్రాళ్ళకి ఒక మాట. మీలో చాలామంది ఫోనులో షార్ట్ ఫిల్ములు తీస్తున్నారు, చూస్తూనే వున్నాను. స్లో మోషను నడకలు కొన్నాళ్ళు పక్కన పెట్టండి. ఇంట్లో బాపునో, పక్కింటి పెద్ద బాపునో కూర్చోబెట్టి "మొదటి రోజు బాయి దిగినప్పుడు ఎట్లనిపించింది బాపూ?" అని అడగండి. కెమెరా ఆన్ చేసి నోరు మూసుకోండి. ఆయన మొదట "గదేం ముచ్చట బిడ్డా, పోరా" అంటాడు. ఐదు నిముషాలాగితే మీకొక సినిమా దొరుకుతుంది. అచ్చం ఇలాగే తెలిసిన మనుషుల ముచ్చట నమ్ముకునే వేణు యెల్దండి 'బలగం' తీశాడు. వూళ్ళో తెరకట్టి జనం చూశారు, ఏడ్చారు.

మిగతా జిల్లాల మిత్రులకి: సమయం ఒక్కదానికే వుంటే పరేషాన్, రెండింటికి వుంటే దసరా కూడా. రాంబాయిని విడిగా, నిబ్బరంగా వున్న రోజు చూడండి. బాయి దిగే తెలుగు బొమ్మ మీలో ఎవరయినా తీస్తే కబురంపండి. మొదటి ఆట, మొదటి టిక్కెట్టు నాదే. నేల క్లాసయినా సరే!