లైట్లు ఎక్కడ పెట్టాలో అవ్వని అడగండి

కొత్తిల్లు కట్టే ప్రతి ఇంట్లోనూ లైట్ల దగ్గరికి వచ్చేసరికి ఒక చిన్న యుద్ధం జరుగుతుంది. అప్పటికే లోన్ డబ్బులు అయిపోయి ఉంటాయి. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడుతుంటుంది. ఫోన్లో రీల్స్ మాత్రం ఆగవు. పాల్ సీలింగ్ అంటారు, ప్రొఫైల్ లైట్లు అంటారు, హాల్లో షాండ్లియర్ అంటారు. ‘ఇవన్నీ లేకుండా అదేం ఇల్లు’ అని మా తమ్ముడి లాంటి వాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మీ ఇంట్లో అది మీరే అయినా ఫర్వాలేదు, చదవండి.

మాది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. నేనుండేది బెంగళూరులో. ఇల్లు మొదలుపెట్టిన దగ్గర్నుంచీ శని, ఆదివారాలు బస్సులోనే గడిచిపోయాయి. పాతిల్లు మట్టిమిద్దె. నడింట్లో గవాక్షి ఉండేది, పగలంతా అదే మా లైటు. రాత్రయితే గోడకి ఒక బల్బు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన వాళ్లం కదా, కొత్తింట్లో ఎన్ని లైట్లు పెట్టినా తక్కువే అనిపించింది మాకు!

ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి, ‘పాయింట్లు యాడ కావాలో చాక్‌పీసుతో గుర్తు పెట్టండప్పా’ అన్నాడు. తమ్ముడు చాక్‌పీసు తీసుకుని సీలింగ్ మీదే మొదలుపెట్టాడు. హాల్లో 24 స్పాట్ లైట్లు లెక్కేశాడు. అప్పుడు మా అవ్వ ఒక మాట అడిగింది. ‘అవన్నీ సరే గానీ నాయనా, రేత్రి బాత్రూముకి లేస్తే నాకు దోవ కనపడతాదా?’

మా అవ్వకి 78 ఏళ్లు. ఒక కంటికి ఆపరేషన్ అయింది. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు రంగుకి తిరుగుతుంది. 20 ఏళ్ల వాడి కంట్లోకి వెళ్లే వెలుతురులో సుమారు మూడో వంతే 60 ఏళ్ల మనిషి కంటి తెరకి చేరుతుంది. అంటే మనకి ‘చాల్లే’ అనిపించే లైటు వాళ్లకి సగం చీకటే. అలాగని నెత్తిన స్పాట్ లైట్ పెడితే ఇంకో తిప్పలు. సూటిగా పడే వెలుగు వాళ్ల కళ్లని ఇంకా ఇబ్బంది పెడుతుంది. పాలలాంటి కవరు ఉన్న ప్యానెల్ లైటో, గోడకి పెట్టే ట్యూబ్ లైటో వాళ్లకి మేలు.

ఆ ఒక్క ప్రశ్నతో మేం సీలింగ్ వదిలేసి మనుషుల్ని లెక్కపెట్టాం. ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎక్కడ నిలబడతారు, చీకట్లో ఎటు నడుస్తారు? ఇంటి ప్లాను మీద రాసుకుంటూ పోయాం.

అవ్వ మంచం నుంచి బాత్రూం వరకు నేలకి అడుగు ఎత్తులో రెండు ఫుట్ ల్యాంపులు. గది లైటుకి టూ వే స్విచ్, అంటే ఒకటి తలుపు దగ్గర, ఒకటి మంచం పక్కన, పడుకునే చేయి చాపితే అందేలా. మెట్లకి కూడా అంతే, కింద ఒకటి, పైన ఒకటి.

అమ్మకి వంటిల్లు. గది మధ్యలో ఒక్క లైటు పెడితే, గట్టు దగ్గర నిలబడగానే ఆమె నీడ ఆమె కత్తి మీదే పడుతుంది. మీ ఇంట్లో ఇప్పుడే వెళ్లి చూడండి, చాలా ఇళ్లలో ఇదే కథ. అందుకే గట్టుకి సరిగ్గా పైన, గోడ వైపు ఒక లైటు వేయించాం. పొయ్యి కాడ వెలుతురొస్తుందంటే అమ్మ నమ్మలేదు. ‘ఇన్నాళ్లు బియ్యంలో రాళ్లు వాకిట్లోకొచ్చి ఏరుకున్నా కదరా’ అంది. నాన్నకి వాకిట్లో పసుపు వెలుగు లైటు. మాకు వానలు తక్కువే గానీ, పడిన రోజు ఉసుళ్లు దండుగా వస్తాయి. తెల్లటి, నీలం ఎక్కువున్న వెలుగు వాటిని బాగా లాగుతుంది, పసుపు వెలుగుకి కాస్త తక్కువ వస్తాయి. డబ్బా మీద 2700 లేదా 3000 కెల్విన్ అని ఉంటే పసుపు, 4000 మధ్యరకం, 6500 అంటే బాగా తెల్లన.

ఇక వాట్ల సంగతి. పాత 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుగు ఇప్పుడు 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. రోజుకి 5 గంటలు వేస్తే నెలకి పాత బల్బు 9 యూనిట్లు తాగేది, ఎల్‌ఈడీకి యూనిట్టున్నర కూడా కాదు. తెల్లటి ఎల్‌ఈడీకి దారి వేసిన నీలం ఎల్‌ఈడీ కోసం అకసాకి, అమానో, నకముర అనే ముగ్గురికి 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. మరుసటి ఏడు జనవరిలో ఉజాలా పథకం మొదలై, ఎల్‌ఈడీ బల్బు పల్లెలకి కూడా చవగ్గా చేరింది. కాబట్టి లైటు ఎక్కువైతే బిల్లు పేలుతుందన్న భయం అక్కర్లేదు.

మరి ఎల్‌ఈడీ ‘ఏళ్ల తరబడి’ వస్తుందని రాస్తారు కదా, మనింట్లో రెండేళ్లకే ఎందుకు పోతుంది? పోయేది చాలాసార్లు ఎల్‌ఈడీ కాదు, దాన్ని నడిపే డ్రైవర్. దానికి రెండు శత్రువులు, వేడి, వోల్టేజీ ఎగుడుదిగుళ్లు. మా అనంతపురంలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలే. స్లాబుకీ పాల్ సీలింగుకీ మధ్య చిక్కుకున్న గాలి ఇంకా ఉడుకుతుంది. డ్రైవర్ని అక్కడ దాచేసి మూసేస్తే, పోయిన రోజు సీలింగ్ కోయాలి. తమ్ముడి ముచ్చట కోసం హాల్లో ఒక్క గోడకి ప్రొఫైల్ లైటు ఒప్పుకున్నాం, డ్రైవర్ మాత్రం చేతికందే చోట టీవీ పలక వెనక పెట్టించాం.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. షాండ్లియర్‌కి పెట్టుకున్న డబ్బు ఎక్కడికి పోయిందో చెబితే మీరు నవ్వుతారు. గుంతలోకి!

లైటు పట్టీలో కరెంటు లీకయితే అది మనిషి గుండా పోకుండా భూమిలోకి పోవాలి. అదే ఎర్తింగ్. కానీ భూమి కరెంటుని లాక్కోవాలంటే దాంట్లో తేమ ఉండాలి. మా జిల్లాలో ఏడాది మొత్తం పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే. పైన ఎర్రమట్టి, కింద రాయి. నాలుగడుగులు తవ్వితే గడ్డపార ఖంగుమంటుంది. ఎండాకాలంలో ఆ మట్టి ఎండిపోతే ఎర్త్ వైరు ఉన్నా లేనట్టే. ‘ఊర్లో అందరూ ఒక కడ్డీ కొట్టి వదిలేస్తారన్నా, ఏం కాలా’ అని మేస్త్రీ అన్నాడు. కరువు మన చేను దాకే వస్తుందనుకుంటాం గానీ, స్విచ్ బోర్డు దాకా వస్తుందని ఎవరూ చెప్పరు.

మేం ఇంటి గోడకి ఐదడుగుల దూరంలో, జాలాడి పక్కన రాయి లేని చోటు వెతికి 8 అడుగులు తవ్వించాం. జీఐ పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేయించాం. పైన నీళ్లు పోయడానికి గరాటు. గిన్నెలు కడిగిన నీళ్లు ఆ పక్కనే ఇంకుతాయి, ఎండాకాలంలో వారానికి రెండు బిందెలు నాన్న పోస్తాడు. పని అయ్యాక ఎర్త్ టెస్టర్‌తో కొలిపించాం. దీనితోపాటు మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు లెక్క తేడా వస్తే అది కళ్లు మూసి తెరిచేలోపు సప్లై ఆపేస్తుంది. ఎంసీబీ ఉంది కదా అనుకోవద్దు. ఎంసీబీ లోడ్ ఎక్కువైనా, షార్ట్ అయినా పడిపోయి వైర్లని కాపాడుతుంది, మనిషికి తగిలేంత చిన్న లీకుని అది పట్టుకోదు. ఆర్‌సీసీబీ మీద టి అని ఒక బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడండి. పడిపోతే బాగున్నట్టు.

గుంత, ఆర్‌సీసీబీ కలిపి షాండ్లియర్ ధరలో మూడో వంతు కూడా కాలేదు. అయినా తమ్ముడు రెండు రోజులు మాట్లాడలేదు. ‘గుంతని ఎవడు స్టేటస్ పెడతాడు’ అన్నాడు. ఆ రాత్రి అవ్వ వాడి పక్కన కూర్చుని, మా తాత తమ్ముడు మోటారు స్టార్టర్ ముట్టుకుని పోయిన సంగతి చెప్పింది. నాకూ అప్పటిదాకా తెలియదు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్లు కాదట. మర్నాడు పొద్దున గుంతలో మొదటి బిందె పోసింది వాడే.

మీ ఇంటి పని నడుస్తుంటే ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి.

ఒకటి, ప్లాస్టరింగ్ ముందే ప్రతి గోడనీ, పైపులు కనపడేలా, పక్కన టేపు పెట్టి ఫోటో తీయండి. రేపు మేకు కొట్టేటప్పుడు పనికొస్తుంది. ఇంటి వాట్సాప్ గ్రూపులో పడేస్తే ఎక్కడికీ పోవు.

రెండు, స్విచ్ ఫేజ్ వైరు మీదే ఉందో లేదో అడగండి. న్యూట్రల్ మీద పెడితే లైటు ఆరినా హోల్డర్లో కరెంటు ఉంటుంది. ఆపినా ఎల్‌ఈడీ మిణుకుమిణుకుమంటోందంటే ఒక కారణం ఇదే కావచ్చు. మీరు చూడకండి, ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

మూడు, ఇన్వర్టర్ ఇప్పుడు కొనకపోయినా దానికి లైను వేరుగా లాగించండి. అవ్వ గది, వంటిల్లు, మెట్లు ఆ లైనులో ఉండాలి.

నాలుగు, మిద్దె మీద నుంచి మీటరు దాకా ఒక ఖాళీ పైపు వదలండి. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల సోలార్‌కి 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించారు. ఎండకి మనకి కొదవ లేదు కదా! కాకపోతే బ్యాటరీ లేని మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ కరెంటు పోతే అదీ ఆగిపోతుంది, ఇన్వర్టర్ లైను ఎటూ కావాలి.

గృహప్రవేశం అయి నాలుగు నెలలైంది. రాత్రిపూట మిద్దె ఎక్కితే బెళుగుప్ప వైపు గాలిమరల మీద ఎర్ర దీపాలు వరసగా వెలుగుతుంటాయి. కింద అవ్వ గదిలో ఫుట్ ల్యాంపు వెలుగుతూ ఉంటుంది. ‘రెండు వాట్లే గదా, ఆర్పొద్దు’ అని అవ్వే ఇప్పుడు అందరికీ చెబుతోంది. హాలు నడిమధ్యలో హుక్కు మాత్రం ఖాళీగానే ఉంది. వచ్చే దీపావళి బోనస్ దాని మీదేనని తమ్ముడు శపథం పట్టాడు. తెచ్చుకోనీండి, ఎర్త్ వైరు అక్కడిదాకా లాగే ఉంది.