నోరు విప్పని పాట

ముప్పై ఏళ్లు పిల్లలకు వయొలిన్ నేర్పిన చెయ్యి నాది. ఏ పాట వినబడినా ఒడిలో తాళం పడిపోతుంది. ఫ్రాంజ్ లేహార్ పాటల నాటకం (ఆపెరెట్టా) ‘మెర్రీ విడో’లోని వాల్ట్జ్ యుగళగీతం దగ్గర మాత్రం ఆ చెయ్యి తప్పింది. మూడు దెబ్బలేగా, మన తిస్రమేగా అనుకున్నాను. రెండో దెబ్బ నాకన్నా వెంట్రుకవాసి ముందే వచ్చేసింది! మా ఆయన నవ్వారు. వియన్నాలో వాల్ట్జ్ వాయించే తీరే అది: రెండోదాన్ని కాస్త తొందరపెట్టి, మూడోదాన్ని తాపీగా రానిస్తారు.

ఇప్పుడు గాలా కచేరీల్లో ఈ పాటను చివర్లో కొసరుగా పాడేస్తున్నారు. నాకది నచ్చదు. బాగా పాడరని కాదు, ఎత్తుకోవడమే మాటలతో ఎత్తుకుంటారు.

1905 డిసెంబర్ 30న వియన్నాలో మొదటిసారి ఆడిన ఆ ఆపెరెట్టాలో కథ వేరు. పేదపిల్ల అని హన్నాను, ఆమె ప్రేమించిన డానిలో అనే అతని ఇంట్లోవాళ్లు కాదన్నారు. ఆమె ముసలి బ్యాంకరును చేసుకుని, రెండు కోట్ల ఆస్తితో వితంతువైంది. ఆ డబ్బు దేశం దాటకుండా ఆమెను చేసుకొమ్మని డానిలోను వాళ్ల దేశపు రాయబార కార్యాలయం పోరుతోంది. ప్రేమిస్తున్నానంటే డబ్బు కోసమే అనుకుంటుందని అతనికి రోషం. అతను చెప్పందే తను బయటపడకూడదని ఆమె పట్టుదల. అందుకే రెండో అంకంలో ఈ వాల్ట్జ్‌కు మాటల్లేవు, ఇద్దరూ నాట్యమాడతారంతే. మాటలు మూడో అంకంలో వస్తాయి. అప్పటికి ఆ స్వరం మనకు తెలిసిపోయి ఉంటుంది. వాళ్లిద్దరికన్నా ముందే మనకు సంగతి తెలుసు!

ఈ గుట్టు సినిమా దర్శకుడు హిచ్‌కాక్ పట్టుకున్నాడు. 1943 నాటి ‘షాడో ఆఫ్ ఎ డౌట్’ సినిమాలో భోజనాల బల్ల దగ్గర మేనకోడలు ఇదే స్వరం కూనిరాగం తీస్తుంది, పేరు గుర్తురాదు. వితంతువులను చంపి వచ్చిన మేనమామ ‘బ్లూ డాన్యూబ్’ అని బొంకుతాడు. కాదు కాదంటూ ఆమె అసలు పేరు సగం పలికేసరికి గ్లాసు ఒలకబోస్తాడు. లేహార్ దాచింది వలపు, ఇక్కడ దాగింది హత్య. స్వరం ఒక్కటే.

కచేరీ వాళ్లను నేనడిగేది చిన్న కోరిక. ముందు ఒకసారి వాద్యాలనే వాయించనివ్వండి. గాయకులిద్దరూ నోరు మూసుకుని నాట్యమాడాలి. నాట్యం రాకపోతే ఎదురెదురుగా నిలబడినా చాలు.