లక్కపిడతలో బుడితి బిందె

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తీర్థం అంటే చాలు... పిల్లల చూపు ముందు జీళ్ల మీద, ఆ తర్వాత లక్కపిడతల మీద పడేది. అరచేతిలో ఇమిడిపోయే బిందె, చెంబు, గంగాళం, రోలు, రోకలి, తిరగలి. అన్నీ అంకుడు కర్రవే. కానీ ఆటలో ఏదీ కర్ర కాదు! బిందె ఇత్తడిది, తిరగలి రాతిది. అలా ఒప్పేసుకుంటేనే బువ్వ ఉడికేది.

ఆ బొమ్మ బిందెకు అసలు బిందె ఎక్కడో లేదు. సారవకోట మండలంలోని బుడితి ఇత్తడి, కంచు సామానుకు పెట్టింది పేరు. అమ్మ చంకలో బుడితి బిందె, కూతురి చేతిలో దాని నకలు.

నకలు పుట్టేది మాత్రం ఇంకాస్త దక్షిణాన, వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలో. తరిణి మీద గిర్రున తిరిగే కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టేస్తుంది. కుంచెతో పనే లేదు. పైన మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. పసుపు రంగు లక్క పడిన చెంబును దూరం నుంచి చూసి ఇత్తడిదనుకుంటే తప్పు మన కళ్లది కాదు. ఇంతా చేసి లక్క అంటే ఏంటి? మోదుగ, రేగు కొమ్మల మీద ఓ చిన్న పురుగు కారేసే జిగురు! పాండవుల కోసం దుర్యోధనుడు కట్టించిన ఇల్లూ దీంతోనే. చూడ్డానికి అదీ మేడే మరి.

చైనా లక్క వేరు. అది చెట్టు పాలు. రెండు వేల ఏళ్ల కిందట, హాన్ వంశీయుల కాలంలో, అక్కడ కంచు పాత్రల ఆకారాల్లోనే లక్క పాత్రలు చేసేవారు. తమాషా ఏంటంటే, నకలుకే ధర ఎక్కువ. రంగులద్దిన ఒక్క లక్క గిన్నె డబ్బుతో పది కంచు గిన్నెలు వచ్చేవని ఆనాటి గ్రంథమొకటి చెబుతోంది. తర్వాతెప్పుడో 18వ శతాబ్దంలో, చియాన్‌లాంగ్ చక్రవర్తి హయాంలో, పింగాణీ పనివాళ్లు ఆ లక్కకే నకళ్లు చేసిపెట్టారు.

మన లక్కపిడతకు అంత వైభోగం ఎప్పుడూ లేదు. పైగా దానికీ ఓ నకలు వచ్చింది... ప్లాస్టిక్ వంట సెట్టు. పోటీకి తట్టుకోవాలని చవక రసాయన రంగులూ వచ్చి చేరాయి. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకి! ఏటికొప్పాకకు చెందిన సి.వి. రాజు పట్టుబట్టి పసుపు, నీలి, జాఫ్రా గింజల్లాంటి చెట్టూచేమల రంగుల్ని మళ్లీ లక్కలోకి తెచ్చారు. 2017లో ఆ బొమ్మలకు జీఐ గుర్తింపు, 2023లో రాజుకు పద్మశ్రీ వచ్చాయి. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగింది కూడా ఆ బొమ్మలే. సంతోషమే. రంగు సంగతి సరే, అంకుడు కర్ర దొరకడమే కష్టమవుతోంది. మొక్క నాటిన ఏడాదే తరిణి మీదకు ఎక్కదు కదా!

ఈలోగా అసలు సామాను వంటింట్లోంచి జారుకుంది. బిందె స్టీలుదైంది, లేదా ప్లాస్టిక్‌ది. తిరగలి పని మిక్సీ చేస్తోంది. సెలవులకు వచ్చిన మనవరాలు అద్దాల బీరువాలోని లక్క తిరగలిని వేలితో తిప్పి, "ఇదేటమ్మమ్మా?" అంటుంది. పెరట్లో రాతి తిరగలి ఇంకా ఉంటే చూపించొచ్చు. లేకపోతే ఆ బొమ్మలోనే నాలుగు మినపగింజలు పోసి తిప్పి చూపించాలి.